నాలుగు చుట్ల నట్టు

పాత కారు స్టీరింగు ఎలా ఊడదీయాలో చెబుతాను. అడిగినవాళ్ళకు చెబుతాను, అడగనివాళ్ళకూ చెబుతాను. ఖమ్మంలో నా షెడ్డుకు టైర్లలో గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడు కూడా ఈ పాఠం వినకుండా కదలడు. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. జబ్బు కాదు, పగ. జబ్బే అయితే ఈ ముప్పై ఏళ్ళలో ఏదో ఒక దవాఖానాలో తగ్గి ఉండేది.

ముందు చక్రాలను నేరుగా పెట్టాలి. బ్యాటరీ మైనస్ వైరు తీసి పక్కన పడేయాలి, లేకపోతే హారన్ బటన్ మీద చేయి పడగానే వీధి వీధంతా తొంగిచూస్తుంది. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి ఆ బటన్‌ను మెల్లగా లేపాలి. కింద పెద్ద నట్టు కనిపిస్తుంది. ఆ నట్టు బిగించి ఉన్న ఇనుప కడ్డీని మేము షాఫ్ట్ అంటాం. షాఫ్ట్ మీద ఒక చుక్క, దానికి ఎదురుగా స్టీరింగు మీద ఒక చుక్క పొడిచి గుర్తు పెట్టుకోవాలి. మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ రెండు చుక్కలూ కలవాలి. ఇక్కడిదాకా మా ఉస్తాద్ నాకు నేర్పాడు. ఆ తర్వాతదే నేర్పలేదు.

తర్వాతది ఇది. నట్టును వదులు చేయాలి, కానీ మొత్తం తీయకూడదు. నాలుగు చుట్లు షాఫ్ట్ మీదే ఉంచాలి. ఏళ్ళ తరబడి తుప్పు పట్టి బిగుసుకుపోయిన స్టీరింగు మెల్లమెల్లగా రాదు. ఎంత గుంజినా రాదు, రాదు, రాదు. ఆ తర్వాత ఒక్కసారిగా వస్తుంది. నట్టు ఉంటే దానికి తగిలి ఆగిపోతుంది. నట్టు లేకపోతే మన మూతి దాకా వచ్చి ఆగుతుంది.

నా విషయంలో మూతి దాకా వచ్చింది. పై వరసలో ముందు పళ్ళు రెండు పోయాయి.

కొత్త కార్ల సంగతి నన్ను అడగొద్దు. వాటి స్టీరింగులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. తెలియక చేయి పెడితే అదే పేలి మొహం మీద కొడుతుంది. అలాంటి బండి వస్తే షోరూముకు పొమ్మని దండం పెడతాను. నేను చెప్పేది అంబాసిడర్ లాంటి పాత బండ్ల గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నాకు పని నేర్పిన మనిషి గురించి.

అప్పట్లో భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట, ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. రాములవారి దర్శనానికీ, అక్కడి నుంచి పర్ణశాలకూ యాత్రికులను మోసే అంబాసిడర్లన్నీ ఆ షెడ్డు ముందు ఒకసారి ఆగి దగ్గాల్సిందే. ఆయనది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న రైతు కుటుంబం. అన్నదమ్ములు పొలం పట్టుకున్నారు, ఈయన పానా పట్టుకున్నాడు. నేను తిరుమలాయపాలెం పక్క పల్లె వాణ్ని. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆయన దగ్గర చేరాను.

పనిమంతుడు, కాదనను. ఆయన మీద ఎంత పగ ఉన్నా పనిలో వంక పెట్టను. ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, దాని పిడికి చెవి పెట్టి, ఏ వాల్వు ఏడుస్తోందో చెప్పేవాడు. కానీ ఆ విద్య ఎవరికీ పెట్టేవాడు కాదు. మా లైన్లో ఉస్తాదులందరికీ ఒక అలవాటు ఉండేది. పని అంతా చూపిస్తారు. అసలు కిటుకు దగ్గరికి వచ్చేసరికి చాయ్‌కు పంపిస్తారు. బోల్టులు విప్పినంతసేపూ నేను పక్కనే ఉండాలి, నూనె మసి అంతా నేనే పూసుకోవాలి. కార్బొరేటర్ మీద చేయి వేయబోతూ మాత్రం ఆయన తలెత్తేవాడు.

"ఒరేయ్, పోయి రెండు టీ పట్రా."

నేను చాయ్ అనేవాణ్ని, ఆయన టీ అనేవాడు. అంతే తేడా, గ్లాసులో ఉన్నది ఒకటే. నేను రోడ్డు దాటి, రెండు గ్లాసులు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఇంజన్ మెత్తగా తిరుగుతూ ఉండేది. ఏం చేశారని అడిగితే, "చూస్తే వచ్చేది కాదురా, చెయ్యి తిరగాలి," అనేవాడు. చూడనిస్తే కదా చెయ్యి తిరిగేది. మూడేళ్ళు నేను తెచ్చిన చాయ్‌ల లెక్క ఎవరన్నా రాస్తే, నేను మెకానిక్‌నో చాయ్ మోసేవాణ్నో తేలేది కాదు. రేకు సందులోంచి తొంగిచూసి, చాయ్ కొట్టు నుంచి అడ్డదారిన పరుగెత్తుకొచ్చి, కొన్ని కిటుకులు దొంగతనంగా పట్టుకున్నాను. స్టీరింగు కిటుకు మాత్రం దొరకలేదు. స్టీరింగు ఊడదీసే పని అరుదుగా వచ్చేది. వచ్చినప్పుడల్లా నేను చాయ్ కొట్టు దగ్గరే ఉండేవాణ్ని.

మూడో ఏడు చివర ఒక సంగతి జరిగింది. యాత్రికులను తిప్పే డ్రైవర్ ఒకాయన అందరి ముందే ఉస్తాద్‌తో అన్నాడు. "అన్నా, ఇగ నా బండి మీ పిలగాడికే ఇయ్యి. వాని చేతులు మంచిగున్నయ్. నీ లెక్క సతాయించడు." అందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు. ఆయన పలువరస చాలా బాగుండేది, తెల్లగా, వత్తుగా, ఒక్కటి కూడా వంకర లేకుండా. నాకు ఆ నవ్వు ఇంకా కళ్ళముందు కనబడుతుంది.

అది జరిగిన వారానికి అదే డ్రైవర్ బండి స్టీరింగు కడకడమంటోందని వచ్చింది. బండి వదిలేసి ఆయన భోజనానికి వెళ్ళాడు. ఉస్తాద్ నా వైపు తిరిగి, "నువ్వే ఊడదియ్యరా. పెద్దవాడివయ్యావు కదా," అన్నాడు. చాయ్‌కు పంపలేదు. మూడేళ్ళలో మొదటిసారి ఆయనే రోడ్డు దాటి వెళ్ళి, గ్లాసు తెచ్చుకుని, బండికి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాకు ఛాతీ ఉబ్బిపోయింది. ఎంత వెర్రివాణ్నో చూడండి. నాకు పెళ్ళి కూడా నిశ్చయమై ఉంది, ఇంకో పన్నెండు రోజుల్లో ముహూర్తం. ఇక నేను మనిషినయ్యాను అనుకున్నాను.

బటన్ లేపాను. చుక్కలు పొడిచాను. నట్టు వదులు చేసి, చివరిదాకా తిప్పి, తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. పోకుండా జాగ్రత్త చేశానన్నమాట! జేబులో వేసుకుంటూ ఆయన వైపు చూశాను, బాగా చేస్తున్నానా అన్నట్టు. ఆయన నన్నే చూస్తున్నాడు. ఏమీ అనలేదు.

సీట్లో కూర్చుని రెండు చేతులా గుంజాను. ఎడమకోసారి, కుడికోసారి. రాలేదు. మోకాళ్ళు డాష్‌బోర్డుకు తన్ని పెట్టి, మొహం ముందుకు వంచి, ఉన్న బలమంతా పెట్టి గుంజాను. టప్పుమంది.

ఆ తర్వాత కాసేపు నాకు తెలియలేదు. తెలిసేసరికి స్టీరింగు నా ఒళ్ళో ఉంది, చొక్కా ముందంతా రక్తం, నాలుకకు ఏదో గట్టిగా తగులుతోంది. అరచేతిలోకి ఉమ్మితే పన్ను. ఇంకోటి సీటు కింద దొరికింది. ఉస్తాద్ లేచి వచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యో, నట్టు మొత్తం తీసేశావేంట్రా! నేను చూడలేదు. టీ తాగుతున్నా."

ఆయన చేతిలో గ్లాసు నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా ఉంది. అంచుదాకా నిండుగా ఉంది. పైన మీగడ కట్టి, ముడతలు పడి ఉంది. ఒక్క గుక్క తాగిన మనిషి గ్లాసు కాదది.

షెడ్డు పక్కన అడవి పల్లె నుంచి వచ్చి తేనె, కుంకుళ్ళు అమ్ముకునే పెద్దమ్మ ఒకామె కూర్చునేది. ఆమే లేచి వచ్చి, ఏదో ఆకు నలిపి నా పెదవికి అద్దింది. అద్దుతూ తన పద్ధతిలో మెల్లగా అంది, "ఆయన కండ్లు నీ మీదనే ఉండె బిడ్డా. నేను చూస్తనే ఉన్న." ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు. చెప్పాక మాత్రం, ఒకవేళ నేనే పొరబడ్డానేమో అనుకునే వీలు కూడా పోయింది.

ఆ రోజు నుంచి ఆయనను మీరు అనడం మానేశాను. నువ్వు అనడం మొదలుపెట్టాను. ఆయన పట్టించుకోలేదు. నాకు కొత్త పేరు పెట్టి ఊరుకున్నాడు. "ఒరేయ్ తొర్రీ, ఆ పానా ఇటివ్వు." డ్రైవర్లు అందుకున్నారు. ఈ రోజుకు కూడా ఖమ్మంలో నా షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పరు, తొర్రి మెకానిక్ షెడ్డు అంటే దారి పొడుగునా చూపిస్తారు. పెళ్ళి ఫొటోలన్నిటిలో నేను మూతి బిగించి ఉంటాను. పెళ్ళికూతురు ఆ మూడు రోజులూ నన్ను గర్విష్ఠి అనుకుందట. నాలుగో రోజు నేను నవ్వేసరికి సంగతి తెలిసి, కడుపు పట్టుకుని తను కూడా నవ్వింది. ఆమె నవ్వితే నాకు కోపం రాలేదు. కోపమంతా ఒకచోటే దాచిపెట్టుకున్నాను.

చేతిలో డబ్బులు ఆడాక కట్టుడు పళ్ళు పెట్టించుకోమని ఆమె చాలాసార్లు పోరింది. పెట్టించుకోలేదు. పెట్టించుకుంటే ఆయనను మాఫ్ చేసినట్టే అనిపించేది. పొద్దున్నే అద్దం ముందు పళ్ళు తోముకుంటున్నప్పుడు ఆ సందు కనిపించాలి, కనిపించి ఆయన గుర్తుకు రావాలి. పళ్ళు నూరుకోవడానికి వెనక దవడ పళ్ళు చాలు నాకు.

ఆయన దగ్గర మానేసి ఖమ్మం వచ్చి షెడ్డు పెట్టాను. పెట్టిన మొదటి నెలలోనే పగ తీర్చుకోవడం మొదలుపెట్టాను. ఆయన మీద చేయి చేసుకోలేదు, కేసు పెట్టలేదు. ఆయన దాచుకున్నదంతా బయట పడేశాను. నాకు దొంగతనంగా దొరికిన కిటుకులు, తర్వాత నా అంతట నేను తెలుసుకున్నవి, ఒక్కటి దాచకుండా వీధిలో ఉన్న షెడ్లన్నిటికీ పంచిపెట్టాను. భద్రాచలం రోడ్డులో ఆయనకు పోటీగా షెడ్డు పెట్టిన ఇద్దరికి, మూడు ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి మరీ నేర్పి వచ్చాను. ఆయన ఆస్తి అదే కదా, దాన్ని ఉచితంగా పంచుతుంటే నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు. తర్వాత ఆయన షెడ్డు మూతపడింది. నిజానికి దాన్ని మూయించింది కొత్త రకం కార్లు. అయినా నేనే మూయించానని చెప్పుకుంటాను.

నా షెడ్డు గోడ మీద ఎర్ర రంగుతో, మూరెడు అక్షరాలతో రాయించాను. నట్టు మొత్తం తీయకు, నాలుగు చుట్లు ఉంచు. రంగు వెలిసినప్పుడల్లా మళ్ళీ వేయిస్తాను. స్టీరింగు పని ఏడాదికోసారి కూడా రాదు, దానికి ఇంత గోడ ఎందుకని అందరూ అడుగుతారు. అడగాలనే రాయించాను. అడిగితే ఆయన కథ చెప్పవచ్చు.

ఇంత చేసినా ఒకటి దక్కలేదు. ఆయన నోటి వెంట ఒక మాట కావాలి నాకు. చూశాను, చెప్పలేదు అని. క్షమాపణ అక్కర్లేదు. ఆ మాట చాలు. ఒకసారి ఎవరిదో పెళ్ళి భోజనాల దగ్గర ఎదురుపడితే పంక్తిలో నుంచి లేచి వెళ్ళి అడిగాను.

"ఆనాడు నువ్వు జూసినవ్. జూసి చెప్పలే. ఒక్కపారి ఒప్పుకో, ఇగ నీ జోలికి రాను."

ఆయన గారె నములుతూ నా మొహంలోకి చూసి, "ఎన్నిసార్లు చెప్పాలిరా తొర్రీ? టీ తాగుతున్నా," అన్నాడు. నములుతున్న ఆ పళ్ళు అన్నీ ఉన్నాయి. ఆ రోజు నేను తినకుండానే వచ్చేశాను.

ఇక ఈ మధ్య జరిగింది చెబుతాను.

ముదిగొండ వైపు రైతు ఒకాయన వాళ్ళ నాన్న వాడిన అంబాసిడర్‌ను నా షెడ్డుకు తెచ్చాడు. పదిహేనేళ్ళు పశువుల కొట్టంలో నిలబడి ఉన్న బండి. దాన్ని బాగు చేయించి ఇంటిల్లిపాదీ భద్రాచలం వెళ్ళి మొక్కు తీర్చుకోవాలట. ఇంజన్ పని అయిపోయింది, రంగు అయిపోయింది. స్టీరింగు చట్రం పగిలి ఉంది, అది మార్చాలి. అక్కడ ఆయన ఒక మెలిక పెట్టాడు.

"మా నాయిన ఉన్నన్ని రోజులు ఈ బండి స్టీరింగు ఒక్కాయనే ఇప్పిండు. ఇప్పుడు గూడ ముందుగాల ఆయన చెయ్యే పడాలె. నేను పోయి తోలుకొస్త."

ఎవరని అడగనక్కర లేకపోయింది, ఆ చేయి మా ఉస్తాద్‌దే. మూలపడిన బండిని మళ్ళీ విప్పేటప్పుడు, మొదట విప్పిన ఉస్తాద్ బతికి ఉంటే ఆయన చేతనే ఒక చేయి వేయించడం మా వైపు ఆనవాయితీ. కాదంటే బండి అచ్చిరాదంటారు. నేను కాదనవచ్చు. నా షెడ్డు, నా ఇష్టం. కానీ కాదనలేదు.

"అవ్, తోలుకరా," అన్నాను. ఆయన వచ్చి నా గోడ చూడాలి, అందరి ముందు ఆ అక్షరాలు చదవాలి. నేను కోరుకున్నది అంతే. అంతకంటే ఎక్కువ అనుకోలేదు, ఒట్టు.

మర్నాడు పది గంటలకు వచ్చాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. చిక్కిపోయాడు. ఒక కంటికి ఆపరేషన్ అయిందట, రెండోది సరిగ్గా ఆనదట. చేతులు వణుకుతున్నాయి. పళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. షెడ్డంతా కలయజూసి, "బాగానే పెట్టావురా తొర్రీ," అన్నాడు. నా దగ్గర పనిచేసే ఇద్దరూ ఆ రోజు సెలవు పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మొహం వాళ్ళు చూసేవాళ్ళు. గోడ మీది రాత ఆయన కంటికి ఆనలేదు. అటు తిరిగి కూడా చూశాడు, ఏదో ఆయిల్ కంపెనీ బొమ్మ అనుకున్నట్టున్నాడు. మూరెడు అక్షరాలు, ముప్పై ఏళ్ళ పగ, ఆయనకు కనబడనే లేదు.

బండి ఓనర్ కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఎదురు కొట్టు నుంచి చాయ్ వచ్చింది. ఉస్తాద్ తన గ్లాసు బానెట్ మీద పెట్టేసి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. నేను నా గ్లాసు పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. బ్యాటరీ వైరు ముందే తీసి ఉంచాను. స్టీరింగు మొదట్లో డీజిల్ చుక్కలు కూడా ముందురోజే వేసి నానబెట్టాను.

"పుల్లర్ ఉన్నది, తెస్తనా?" అన్నాను. స్టీరింగును గుంజకుండా, మరతో మెల్లగా పైకి లాగే పనిముట్టు అది.

"నా చేతులు ఉండగా అదెందుకురా," అన్నాడు.

బటన్ లేపాడు. చుక్కలు తడిమి చూసుకున్నాడు, తను ఏనాడో పొడిచినవి అక్కడే ఉన్నాయి. నట్టుకు పానా వేశాడు. చేయి వణికినా పట్టు పోలేదు. ఓనర్‌కు ఫోన్ వచ్చింది, పొలంలో మోటారు కాలిపోయిందని, మాట్లాడుతూ రోడ్డు మీదికి వెళ్ళాడు. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం.

ఆయన నాలుగు చుట్ల దగ్గర ఎలా ఆగుతాడో చూద్దామని వంగి చూస్తున్నాను. మూడేళ్ళు నాకు చూపించని పనితనం అది. ఆయన ఆగలేదు. తిప్పుతూనే ఉన్నాడు. నట్టు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని మంచి కన్ను దగ్గర పెట్టుకుని చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

మతిమరుపో, చూపు ఆనకో, ఇన్నేళ్ళుగా పాత బండి ముట్టకనో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా నేను చూశానన్నది. జేబులో ఆ నట్టు బరువుకు చొక్కా కిందికి దిగింది, అది కూడా చూశాను. రెండు చేతులా స్టీరింగు పట్టుకున్నాడు. నట్టు అని ఒక్క మాట చాలు. నోట్లో ఉంది ఆ మాట. గోడ మీద మూరెడు అక్షరాలతో ఉంది. గాలి కొట్టించుకునేవాడికి కూడా చెప్పే మాట అది.

ఒకసారి గుంజాడు. రాలేదు. రెండోసారి గుంజాడు. తొర్రీ అన్న పిలుపు గుర్తొచ్చింది. మూడోసారి. మూతి బిగించుకున్న పెళ్ళి ఫొటో గుర్తొచ్చింది. నాలుగోసారికి ఆయన ఆగి, ఆయాసపడుతూ నా వైపు చూశాడు. ఆనాడు నేను ఆయన వైపు చూసినట్టే చూశాడు, బాగానే చేస్తున్నానా అన్నట్టు. నేను నోరు మెదపలేదు. ఆయన మోకాళ్ళు పైకి తన్ని పెట్టి, మొహం ముందుకు వంచాడు. ఆ భంగిమ నాకు తెలుసు.

టప్పుమంది.

అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ చప్పుడు చెవిన పడగానే నాకు సంతోషం వేసింది. ఒళ్ళంతా చల్లబడినంత సంతోషం. ఆ తర్వాత ఆయన వెనక్కి పడి ఉండటం చూశాను. పై పెదవి చీలింది. తెల్లటి చొక్కా ముందంతా ఎర్రబడింది. అరచేతిలోకి ఉమ్మితే ఒక పన్ను పడింది. ఆ వయసులో మనిషి అంత చిన్నగా ఉంటాడని, స్టీరింగు ఒళ్ళో పడితే దాని వెనక పూర్తిగా కనబడకుండా పోతాడని నాకు అప్పటిదాకా తెలియదు.

జేబు తడుముకున్నాడు. నట్టు తీసి చూసుకున్నాడు.

"మొత్తం తీసేశానా?"

"తీసినవ్."

"నువ్వు చూడలేదా?"

"చూడలే. టీ తాగుతున్న."

నేను ఎన్నడూ టీ అనను. ఆ ఒక్కసారి అన్నాను. ఆయన మంచి కన్ను నా మొహం మీద నుంచి మెల్లగా కిందికి దిగి, చేతిలోని గ్లాసు దగ్గర ఆగింది. నేనూ చూసుకున్నాను. అంచుదాకా నిండుగా ఉంది. పైన మీగడ కట్టింది.

"నిండుగా ఉందేరా," అన్నాడు.

"ఆనాడు నీది గూడ నిండుగనే ఉండె."

పెదవి నుంచి రక్తం గడ్డం మీదికి కారుతోంది, తుడుచుకోలేదు. తర్వాత తల ఊపాడు.

"ఉంది," అన్నాడు. "చూశాను. చెప్పబుద్ధి కాలేదు."

ముప్పై ఏళ్ళుగా కావాలనుకున్న మాట దొరికింది. పెళ్ళి పంక్తిలో దొరికి ఉంటే నేను ఎగిరి గంతేసేవాణ్ని. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. తడిగుడ్డ తెచ్చి ఆయన మూతికి అదిమి పట్టుకున్నాను. ఓనర్ పరుగెత్తుకొచ్చి, "గిట్లెట్ల అయింది?" అని లబలబలాడుతుంటే, ఉస్తాదే చేయి అడ్డం పెట్టి, "నాదే పొరపాటు. నట్టు తీసేశా. వీడు చూడలేదు," అన్నాడు. ఇద్దరం కలిసి దవాఖానాకు తీసుకెళ్ళాం. నాలుగు కుట్లు పడ్డాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. మా ఆవిడ వాకిట్లో కూర్చుని గోంగూర ఆకులు తుంచుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ ముసలాయన పన్ను ఊడిందట గదా. నట్టు మొత్తం తీసిండట. నువ్వు యాడున్నవ్?"

చాయ్ తాగుతున్నానని చెప్పబోయాను. ఆ మాటను నేను ఆమెకు ఎన్నిసార్లు వినిపించానో, ఏ గొంతుతో వెక్కిరిస్తూ వినిపించానో గుర్తొచ్చి ఆగిపోయాను.

"ఆడ్నే ఉన్న. జూసిన. చెప్పలే."

ఆమె చేతిలో కాడ అలాగే ఆగింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది, ఎదురు తిట్టడానికి నా దగ్గర ముప్పై ఏళ్ళ సరుకుంది. ఆమె ఆకులన్నీ చేటలోకి దులిపి లేచి నిలబడింది.

"మంచిది," అంది. "ఇగ ఈ ఇంట్ల ఆయనను తిట్టుడు బంద్ చెయ్యి."

చేట పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చెప్పినట్టే మానేశాను. పొద్దున్నే అద్దం ముందు నిలబడితే పళ్ళ సందు కనబడుతూనే ఉంది. దాన్ని చూసి ఎవరిని తిట్టుకోవాలో తెలియక, నోరు కడుక్కుని వచ్చేస్తున్నాను.